ఎడమ ఫోర్కు

ఆ వర్షాకాలంలో నేను ఒకే బండి ఫోర్కు నాలుగుసార్లు విప్పాను. మెకానిక్ అనిపించుకున్నవాళ్లు బయటికి చెప్పుకునే సంగతి కాదిది. పైగా ఆ బండి మా నాన్నది.

నాన్న కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఊళ్లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఏ ఇంట్లో ఏ మిషను దారం తెంపుతుందో, ఏది కుట్టు వదిలేస్తుందో ఆయనకు నోటికి వచ్చు. బండి వెనక రేకు పెట్టె కట్టుకుని పొద్దున ఎనిమిదికి బయల్దేరితే మళ్లీ సాయంత్రానికే ఇల్లు చేరేవాడు. ఒక మిషను చూశాక అదే జబ్బుకి రెండోసారి ఆ గుమ్మం ఎక్కకూడదన్నది ఆయన పంతం. ముప్పై ఏళ్లలో అలా ఎక్కాల్సి వచ్చినవి మూడే గుమ్మాలట. అవి ఎవరెవరివో ఇప్పటికీ చెప్పగలడు.

నేను మామయ్య షెడ్డులో పనిచేసేదాన్ని. మామయ్య అంటే అమ్మ తమ్ముడు. పంక్చర్లతో మొదలుపెట్టి ఆరేళ్లలో ఇంజను దాకా వచ్చాను. ఆ ఏడాది కరెంటు ఆఫీసు వాళ్లు తమ లైన్‌మన్ల బళ్లు పన్నెండూ మా షెడ్డుకే ఇస్తామన్నారు. ఏడాది పొడుగునా వాటి బాధ్యత ఒకే మెకానిక్ చూడాలి, ఆ మెకానిక్ పేరు నెలాఖరులోగా రాసివ్వాలి.

"నీ పేరే రాసిస్తా. ఆ మూల నీది, ఆ గోడ నీది. నీ పనిముట్లు ఎవడైనా ముట్టుకుంటే చెయ్యి విరగ్గొట్టు, నేనేమీ అనను" అన్నాడు మామయ్య.

అప్పటికి ఆ గోడ మీద క్యాలెండరు, తుప్పు పట్టిన మేకులు తప్ప ఏమీ లేవు. నేను మాత్రం మనసులో స్పానర్లన్నీ సైజుల వారీగా తగిలించేసుకున్నాను.

మొదటి వాన పడ్డ మర్నాడు, ఆదివారం, ఇంటి ముందు నాన్న బండి తుడుస్తుంటే ముందు చక్రాన్ని అటూ ఇటూ పట్టుకునే రెండు ఫోర్కు కాళ్లలో ఎడమదాని మీద వేలికి జిడ్డు తగిలింది. మెరిసే పైపు చుట్టూ సన్నటి ఆయిల్ గీత. హ్యాండిల్ పట్టుకుని ముందుకి రెండుసార్లు నొక్కాను. గీత లావైంది.

"నాన్నా, సీలు పోయింది. ఇవాళ మార్చేస్తాను."

"పరుగెడుతోందిగా, ఇప్పుడేం తొందర?"

"బ్రేకు డిస్కు కూడా ఎడమ పక్కే ఉంది. ఆయిల్ దాని మీద పడితే బ్రేకు పట్టదు."

నాన్న కాసేపు బండి వంక చూసి సరేనన్నాడు. క్లచ్ లివర్ కొత్తగా తళతళలాడుతోంది. అడిగితే, పాతది వదులైందని దారిలో ఎక్కడో మార్పించానన్నాడు. ఇంట్లో నేనుండగా ఎవరిచేతో మార్పించడమేంటని కొంచెం నొచ్చుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

ఫోర్కు సీలు మార్చడం బరువైన పనేం కాదు, ఓపికైన పని. చక్రం తీసి, బ్రేకు వేలాడకుండా తీగతో కట్టి, పై మూత వదులు చేసి, కాలు కిందికి లాగాను. పాత ఆయిల్ వంచితే బొగ్గు కడిగిన నీళ్లలా వచ్చింది. వాసనకి అమ్మ కిటికీ తలుపు వేసేసింది. అడుగు బోల్టు ఎప్పటిలాగే మొండికేసింది. తిప్పుతుంటే లోపలి కడ్డీ కూడా దాంతోపాటే గిరగిరా తిరుగుతుంది. స్ప్రింగుని గట్టిగా అదిమి పట్టి అరగంట కుస్తీ పట్టాక ఊడింది. పైపుని విసురుగా నాలుగైదుసార్లు పైకి లాగితే పాత సీలు ఊడి బయటపడింది. సీలంటే రబ్బరు ఉంగరం, అంతే. పైపుని చుట్టూ పట్టుకుని ఆయిల్‌ని లోపలా, దుమ్ముని బయటా ఉంచుతుంది. కొత్తదాని అంచు కోసుకుపోకుండా పైపు కొసకి ప్లాస్టిక్ కవరు తొడిగి, గ్రీజు రాసి, మెల్లగా దించాను. కొత్త ఆయిల్ కొలిచి పోసి, బుడగలు పోయేదాకా పైకీ కిందికీ ఆడించాను. కుడి కాలుకీ అంతా అలాగే చేశాను.

సాయంత్రం నాన్న హ్యాండిల్ నొక్కి చూశాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను.

"కొంచెం బిగువుగా ఉంది" అన్నాడు.

"కొత్త సీలు కదా. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది."

నాలుగు రోజులు కాదు, తొమ్మిది రోజులకి మళ్లీ కారింది. అదే కాలు.

మామయ్య చూసి, "ఏమ్మా డాక్టరమ్మా, మీ నాన్న బండికి జలుబా?" అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సీలు నాసిరకమై ఉంటుందని పార్టుల షాపుకి పోయి కంపెనీ సీళ్లు తెచ్చాను. షాపు ఆయన నేను ఊడదీసి తెచ్చిన మొదటి సీలు వేళ్ల మధ్య తిప్పి చూసి, "దీనికేం కాలేదమ్మా, వేసిన చెయ్యి తొందరపడి ఉంటుంది" అన్నాడు. ఒళ్లు మండింది కానీ, ఏమో, నిజమేనేమో అనిపించి నోరు మూసుకున్నాను.

రెండోసారి చేసినప్పుడు ఇంకెవరూ వేలెత్తి చూపకూడదన్నంత జాగ్రత్తగా చేశాను. పైపు పొడుగునా గోరుతో గీసి చూశాను, ఎక్కడా గుంట లేదు. తడిపిన సన్నటి గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, మళ్లీ తుడిచాను. నాన్న గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

"రెండోసారి" అన్నాడు.

"తెలుసు నాన్నా."

"నేనేమీ అనడం లేదు. లెక్క చెప్పాను."

ఈసారి పన్నెండు రోజులు ఆగింది. పదమూడో రోజు మధ్యాహ్నం, నాన్న అన్నానికి వచ్చినప్పుడు, బ్రేకు చూద్దామని బండి తీసుకుని వీధి చివరిదాకా వెళ్లాను. సన్నగా జల్లు పడుతోంది. మలుపులో ముందు బ్రేకు నొక్కితే లివర్ చేతిలోకి వచ్చింది గానీ బండి ఆగలేదు. జారుకుంటూ పోయి బేకరీ మెట్టుకి జానెడు దూరంలో, వెనక బ్రేకు దయవల్ల నిలబడింది. దిగి చూస్తే డిస్కు నిండా ఆయిల్. బేకరీ ఆయన అద్దం వెనకనుంచి చూస్తున్నాడు. వెళ్లి ఏదైనా కొనుక్కుంటే బాగుండేదేమో. బండి తోసుకుంటూ ఇంటికొచ్చేశాను.

మూడోసారి సీళ్లతోపాటు పైపు ఊగకుండా పట్టే లోపలి బుష్‌లు కూడా మార్చాను. బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేశాను. ఆ వారమంతా షెడ్డులో ఏ పని చేస్తున్నా మనసు నాన్న బండి మీదే. ఇంకొకరి బండి చైను బిగిస్తూ, బిగించానో లేదో తెలియక మూడుసార్లు చూసుకునేదాన్ని. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విడవకముందే బండి దగ్గర వంగేదాన్ని. ఒకరోజు పొడిగా ఉండేది. ఒకరోజు తడిలా అనిపించేది, చూస్తే వాన నీరు. ఆరో రోజు వేలు పెడితే జిడ్డు. ఆ వేలు నరికేసుకోవాలనిపించింది. ఇతరుల బళ్లకి నేను వేసిన సీళ్లు ఏళ్ల తరబడి నిలిచాయి. మరి ఇంట్లో బండికి ఏం పాపం చేశానో తెలియలేదు.

అదే సాయంత్రం మామయ్య ఇంటికొచ్చాడు. అమ్మ తన మిషను మీద కుట్టుకుంటోంది. అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ముందు గది సగం ఆమెదే. నాన్న గుమ్మం దగ్గర కూర్చుని ఎవరిదో మిషను షటిల్ తుడుస్తున్నాడు.

"బావా, ఎల్లుండి కరెంటు ఆఫీసుకి పేరు రాసివ్వాలి. అమ్మాయి పేరే రాద్దామనుకుంటున్నా. నువ్వేమంటావు?" అన్నాడు మామయ్య. మాటవరసకి అడిగినట్టే అడిగాడు. టీ గ్లాసు నోటి దగ్గరే ఉంది.

నాన్న షటిల్ వెలుతురుకి పెట్టి చూశాడు. "నేనైతే ఇంకో ఏడాది ఆగుతాను."

"అదేంటి?"

"నా బండి చూస్తున్నావుగా. మూడుసార్లు విప్పింది. మనింట్లో కాబట్టి సరిపోయింది. బయటివాళ్లు ఊరుకుంటారా?"

అమ్మ మిషను ఆగింది. మళ్లీ మొదలైంది.

తల కొట్టేసినట్టయింది నాకు. ఆ మూడుసార్లూ నిజమే. మామయ్య నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "అలాగంటావా" అని రెండు నిమిషాలు వాన గురించి మాట్లాడి వెళ్లిపోయాడు.

కాగితం మీద షెడ్డులో ఇంకో మెకానిక్ పేరు పడింది. పొడుగాయన అంటాం అతన్ని. మంచివాడే. సాయంత్రానికల్లా ఆ గోడ మీది క్యాలెండరు తీసి పక్కన పెట్టాడు. "ఏమనుకోకు చెల్లెమ్మా" అన్నాడు. అనుకోనని చెప్పాను. బాత్రూములోకి పోయి, సబ్బుతో మోచేతుల దాకా చాలాసేపు కడుక్కున్నాను.

ఆ తర్వాత నాలుగైదు రోజులు నాన్నతో ముక్తసరిగానే మాట్లాడాను. ఆయన కూడా కదిలించలేదు. ఒక పొద్దున, దూరం ఊరికి బస్సులో వెళ్తున్నానని రేకు పెట్టె భుజాన వేసుకుని బయల్దేరాడు. ఎందుకు బస్సని నేను అడగలేదు. కారుతున్న బండి మీద నమ్మకం లేక అనుకున్నాను. అది కూడా నా మొహం మీద కొట్టినట్టే అనిపించింది.

ఆ రోజు షెడ్డుకి పోలేదు. ఒంట్లో బాలేదని చెప్పి, నాలుగోసారి ఫోర్కు విప్పాను. ఈసారి కొత్త సీళ్లు తేలేదు. సీలు మార్చడానికి కాదు విప్పింది, నా చెయ్యి పనికిరాదో, ఇంకేదైనా ఉందో తేల్చుకోవడానికి. రెండు పైపులూ తుడిచి పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. మెరుస్తున్నాయి, నున్నగా ఉన్నాయి. కంటికి ఏమీ కనబడడం లేదు. ఒక్కటే చూడలేదు నేను. నేరుగా ఉన్నాయో లేదో. దెబ్బ తినని బండికి పైపు వంకర పోవడమేంటని ఆ ఆలోచనే రాలేదు.

దొర్లించి చూడాలంటే సమంగా ఉన్న బల్ల కావాలి. అమ్మ బట్ట కత్తిరించే బల్ల మీద మందపాటి అద్దం ఉంటుంది. సుద్ద గీతలు తుడవడానికి వీలుగా ఉంటుందని వేయించుకుంది.

"అమ్మా, ఒక్క నిమిషం" అని బట్ట పక్కకి జరిపాను.

ముందు కుడి పైపు దొర్లించాను. చప్పుడు లేకుండా ఆ చివరిదాకా పోయింది. తర్వాత ఎడమది. టక్కున ఆగింది. మళ్లీ తోశాను. వంగి, అద్దానికీ పైపుకీ మధ్యనుంచి చూశాను. పైపు తిరుగుతున్నకొద్దీ కింద సన్నటి వెలుగు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఒక గోరు మందం. ఆ కాస్త చాలు. పైపు వంకరైతే ఒక పక్క సీలుని ఒరుసుకుంటూనే ఉంటుంది. ఎన్ని మార్చినా, ఎవరు మార్చినా.

అమ్మ మిషను తొక్కడం ఆపేసింది.

"ఎంత వంగింది?" అంది.

నేను వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. నేనింకా ఏమీ చెప్పలేదు. పైపు వంగుతుందని కూడా అమ్మకి తెలిసుండదు. అయినా ఏమైంది అని అడగలేదు, ఎంత అని అడిగింది.

"నీకెలా తెలుసు?"

అమ్మ సూది కింద ఉన్న గుడ్డని సర్దింది. దారం తెంపింది. "మీ నాన్న బండితో కల్వర్టు గోడకి కొట్టుకున్నాడు. వానలకి ముందు. ఎడమ భుజం అంతా గీరుకుపోతే నేనే మందు రాశాను."

"ఎలా కొట్టుకున్నాడు? ఆ గోడ ముప్పై ఏళ్ల నుంచి అక్కడే ఉందిగా."

"కనబడలేదు."

బయట వాన నీళ్లు సజ్జ మీదినుంచి పడుతున్నాయి. అమ్మ మెల్లగా చెప్పుకొచ్చింది. ఎడమ కంట్లో ఒత్తిడి పెరిగిందట. పక్కనుంచి చూపు తినుకుంటూ వస్తుందట. పోయింది తిరిగి రాదు, ఉన్నది పోకుండా చుక్కలు వేసుకోవాలన్నాడట కంటి డాక్టరు. చుక్కల సీసా అమ్మ దారాల డబ్బాలో ఉంది.

"నీకు తెలిస్తే ఆ రోజే బండి తాళం తీసేసుకుంటావని భయం ఆయనకి. ఒట్టు వేయించుకున్నాడు."

ఇక్కడ నిజమే చెప్పాలి. ఆ క్షణంలో నాకు నాన్న కన్ను గుర్తు రాలేదు. పన్నెండు బళ్లు గుర్తొచ్చాయి. గుమ్మం దగ్గర కూర్చుని షటిల్ తుడుస్తూ ఆయన అన్న మాట గుర్తొచ్చింది. అప్పుడు ఆగి, మళ్లీ కదిలిన అమ్మ మిషను గుర్తొచ్చింది.

"నువ్వు కూడా విన్నావు కదమ్మా. ఆయన అలా అంటుంటే కుట్టుకుంటూ కూర్చున్నావు."

నేను పైపు తీసుకుని బయటికొచ్చేశాను.

నాన్న అయిదు గంటలకి తడుస్తూ వచ్చాడు. తల తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాక పైపు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. ఎడమ పక్కనుంచే వచ్చాను. ఒళ్లో చల్లగా తగిలేదాకా ఆయనకి తెలియలేదు. ఉలిక్కిపడ్డాడు.

చూడనైనా చూడలేదు. రెండు వేళ్ల మధ్య ఒక్కసారి తిప్పాడు. సూది మొనలో వంకరని వేలితో పట్టేసే మనిషి.

"మధ్యకి కాస్త కింద" అన్నాడు.

"తెలుసన్నమాట."

"మొదటిసారి నువ్వు బిగించాక హ్యాండిల్ నొక్కినప్పుడే అనుమానం వచ్చింది. రెండోసారికి తేలిపోయింది."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు? పోనీ చెప్పకు. మామయ్యతో అలా ఎందుకన్నావు?"

నాన్న పైపుని నేల మీద పెట్టాడు.

"నువ్వు బాగా చేశావంటే బండిలో లోపం ఉన్నట్టు. బండిలో లోపం ఉందంటే ఎలా వచ్చిందని అడుగుతారు. తప్పు ఎవరో ఒకరి మీద పడాలిగా. నీ చేతి మీదికి తోసేశాను." తుండుతో మళ్లీ తల తుడుచుకున్నాడు. "నీకు వయసుంది. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. నాకు బండి పోతే ఇక అంతే అనిపించింది."

"నేను బ్రేకు పట్టక బేకరీ మెట్టు దాకా జారిపోయాను."

"ఆ సంగతి నువ్వు చెప్పలేదు."

"చెబితే ఇంకో లెక్క చెప్పేవాడివి."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆయన మొహం చూసి నాకేమీ హాయి కలగలేదు. తాళం ఇమ్మని నేను అడగలేదు. జేబులోంచి తీసి ఆయనే బల్ల మీద పెట్టాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, పళ్లాలు పెట్టి వడ్డించింది. ముగ్గురం తలలు వంచుకుని తిన్నాం.

కొత్త పైపు రావడానికి పది రోజులు పట్టింది. పాతదాన్ని ప్రెస్సు మీద నొక్కి నేరుగా చేద్దామన్నాడు మామయ్య. వద్దన్నాను. ఎందుకొద్దో, ఎలా వంగిందో ఏమీ చెప్పలేదు. కొత్తది వేసి, కొత్త సీలు దించి, ఆయిల్ పోసి బిగించాను. వారం గడిచింది, మూడు వారాలు గడిచాయి. వానలో తిప్పాను, గుంతల్లో తిప్పాను. వేలు పెడితే పొడిగానే ఉంది. ఎవరికీ చూపించాలనిపించలేదు.

ఈలోపు ఇంట్లో పద్ధతులు మారిపోయాయి. నాన్న కిటికీ దగ్గర, వెలుతురు కుడి పక్కనుంచి వచ్చేలా, బల్ల వేసుకున్నాడు. బాగుచేయాల్సిన మిషన్లు నేనే పొద్దున షెడ్డుకి పోయే ముందు ఆ బండి మీద తెచ్చి దింపేదాన్ని, సాయంత్రం తిరిగి ఇచ్చేదాన్ని. కొంతమంది ఇంటికే తెచ్చుకున్నారు. చాలామంది తేలేదు. రోజూ ఎనిమిది గంటలకి ఆయన చొక్కా వేసుకుని, దువ్వుకుని, కిటికీ దగ్గరికి పోయి కూర్చునేవాడు. మా మధ్య మాటలు మిషన్ల గురించే. అమ్మ మాత్రం చుక్కల సీసా దారాల డబ్బాలోంచి తీసి అందరికీ కనబడేలా అలమారలో పెట్టింది.

వానలు తగ్గుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం, షెడ్డు ముందు నాన్న కనబడ్డాడు. నడిచి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా బురద. ఎక్కడో ఒకచోట కాలువలో కాలు పెట్టినట్టున్నాడు. లోపల మామయ్య, పొడుగాయన, ఇంకో ఇద్దరు ఉన్నారు. కరెంటు వాళ్ల బళ్లు నాలుగు వరసగా నిలబెట్టి ఉన్నాయి.

"కూర్చో బావా, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ని కదా" అని మామయ్య స్టూలు లాగాడు.

నాన్న కూర్చోలేదు. "ఆ ఫోర్కు పని అమ్మాయి సరిగ్గానే చేసింది. మూడుసార్లూ. పైపు వంచింది నేను. కల్వర్టుకి కొట్టాను. నాకు ఎడమ పక్క కనబడదు. తెలిసి కూడా నీతో ఆ మాట అన్నాను."

ఒకే గుక్కలో చెప్పేశాడు. దారంతా అదే వల్లించుకుంటూ వచ్చినట్టున్నాడు. పొడుగాయన చేతిలో స్పానరు అలాగే ఉంది.

మామయ్య నా వైపు చూశాడు, మళ్లీ ఆయన వైపు చూశాడు. "అయ్యో, బావా. కన్ను సంగతి ముందు చెప్పొచ్చు కదా." తర్వాత గొంతు తగ్గించి, "కాగితం మీద పేరు పడిపోయింది. ఏడాది దాకా మార్చరు వాళ్లు" అన్నాడు.

"అది నాకు తెలుసు" అన్నాడు నాన్న. "మార్చమని రాలేదు."

పొడుగాయన ఏదో అనబోయాడు. ఏమీ అనవద్దని తల ఊపాను. చేతులు తుడుచుకుని, నాన్నని ఇంట్లో దింపి వస్తానని బయటికి వచ్చాను. బండి రోడ్డుకి అవతల ఉంది. నేను అలవాటుగా నాలుగడుగులు ముందే నడుస్తున్నాను. కోపం ఉంది. అందరి ముందూ చెప్పుకున్నందుకు తగ్గి ఉండాలి, తగ్గలేదు. ఆ గోడ, ఆ నాలుగు బళ్లు ఇప్పుడే చూసి వచ్చాను.

రోడ్డు అంచున నాన్న ఆగిపోయాడు. ఎడమ పక్కనుంచి లారీ ఒకటి వస్తోంది. దాన్ని చూడడానికి ఆయన తలంతా తిప్పాల్సి వచ్చింది. లారీ పోయాక కూడా అక్కడే నిలబడి ఉన్నాడు.

"అమ్మా" అన్నాడు. "ఈ పక్కకి రా."

అడగడం అదే మొదటిసారి. నేను వెనక్కి వచ్చి ఆయన ఎడమ పక్కన నిలబడ్డాను. ఇద్దరం రోడ్డు దాటాం.